ఇద్దరు సాయన్నలు

నిజామాబాద్‌ల ఒక ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు సాఫ్ట్‌వేర్ సంగతులు చెప్పుతందుకు నరేందర్ పోయేసరికి ఆత్మారాం గేటుకాడనే నిలబడి ఉన్నడు, చేతుల చాయ్ ఫ్లాస్కు పట్టుకొని.

"రా సారూ, నీ కోసమే సూస్తున్న. నా ఈ నౌకరి నీ పుణ్యమే" అన్నడు. కలిసినప్పుడల్లా గదే మాట. అది ఇన్నప్పుడల్లా నరేందర్ మాట మారుస్తడు. మార్చడా మరి! చేసిన పని గసొంటిది.

పోయినేడు దాకా ఆత్మారాం బోధన్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీల ఫీల్డ్‌మ్యాన్. ఏ రైతు చెరుకు ఎప్పుడు కొట్టాల్నో కటింగ్ ఆర్డర్ తెచ్చిచ్చుడు ఆయన పని. ఆ ఆర్డర్ల లిస్టు తీసే సాఫ్ట్‌వేర్ రాసింది నరేందర్. లిస్టుల ఒకే మనిషి రెండుసార్లు ఎక్కితే ఒకటి తీసెయ్యమని రాసిండు. పేరొకటే, తండ్రి పేరొకటే, ఊరొకటే, ఇంకేం కావాలె అనుకున్నడు. రైతు నంబరు సూడాలె గదా? సూడలే. గంత జల్దీ ఏమొచ్చిందో మహానుభావునికి!

ఇగ ఆ దిక్కే రెంజల్ అనే ఊర్ల చెరుకు పెట్టే సాయన్నలు ఇద్దరు. ఒక్క కడుపుల పుట్టిన అన్నదమ్ములు. ఊరంత పెద్ద సాయన్న, చిన్న సాయన్న అని పిలుస్తది గని, కాగితం మీద ఇద్దరు ఉత్త సాయన్నలే. ఈ దిక్కు ఇట్ల పేర్లు పెట్టుకుంటరని నరేందర్‌కు తెల్వదా అంటే, వాని సొంత మేనమామలే పెద్ద గంగారాం, చిన్న గంగారాం!

చిన్న సాయన్న పేరు లిస్టుల నుంచి ఎగిరిపోయింది. ఆర్డర్ రాలే. సీజన్ అయిపోయి ఫ్యాక్టరీల చెరుకు ఆడుడు బందైంది. మూడెకరాల చెరుకు పూత పట్టి, బెండువారి, నిలువునా ఎండింది. "మా అన్న దగ్గర పైసలు తిని ఆత్మారామే నా పేరు దాసిండు" అని చిన్న సాయన్న ఊర్ల పంచాయితి పెట్టిండు. అన్నదమ్ములకు మాటలు బందైనయ్. ఫ్యాక్టరోళ్లు ఆత్మారాంను తీసేసిండ్రు. అటెంక వారం దినాలకే నరేందర్‌కు అసలు తప్పు దొరికింది. ఒక్క లైను మార్చి, ఫ్యాక్టరోళ్లకిచ్చే రిపోర్టుల 'చిన్న చిన్న మార్పులు' అని రాసి, నోరు మూసుకున్నడు. మనసు ఊకోక, తెలిసినోళ్లను బతిమాలి ఈ కాలేజీల ఆత్మారాంకు అటెండర్ పని ఇప్పిచ్చిండు.

ఆ పొద్దు నరేందర్ పిల్లలకు చెప్పాల్సింది, పెద్ద కంపెనీలు సాఫ్ట్‌వేర్ కట్టుకునే ఒక ఫ్రేమ్‌వర్క్ సంగతి. దాని కొత్త వెర్షన్ల ఏమేమొచ్చినయో మంచిగనే చెప్పిండు. అవతలి సర్వర్ పలకకపోతే తనంతట తానే మళ్ల అడుగుతదట. ఒక్కసారే వేలమంది ఎగబడితే వరుసల నిలబెడ్తదట. ఎక్కడన్న ఉండాల్సిన విలువ లేకుంట ఖాళీ ఉంటే, ప్రోగ్రాం నడవక ముందే పట్టిస్తదట.

"ఇగ లేనిదాంతోని మనకు భయం లేదు" అన్నడు.

ముందు వరుసల శ్రీవాణి అనే పిల్ల లేచింది. "లేనిదాన్ని పట్టిస్తది సరే సార్. ఉన్నదాన్ని మనమే తీసేస్తే?"

నరేందర్ తలుపు దిక్కు సూసిండు. ఆడ ఆత్మారాం నవ్వుకుంట నిలబడ్డడు, సొంత కొడుకు మాట్లాడుతున్నట్టు మురుసుకుంట. ఇప్పుడన్న చెప్పాలె అనుకున్నడు నరేందర్. చెప్పిండు గూడ. గని ఇంగ్లీషు అందుకున్నడు.

"ఇన్ మై ప్రాజెక్ట్, వన్ వ్యాలిడ్ రికార్డ్ గాట్ డిలీటెడ్. ఇట్ వాజ్ మై మిస్టేక్."

రికార్డట, రికార్డు! మూడెకరాల చెరుకు, ఒక మనిషి ఇజ్జతు, ఇద్దరన్నదమ్ముల పొత్తు, అన్ని గా ఒక్క మాటల కుక్కిండు. తప్పు ఒప్పుకున్నడని పిల్లలు ఒకటే సప్పట్లు.

అంత అయినంక ఆత్మారాం చాయ్ పోసిచ్చిండు. "ఏం చెప్పినవ్ సారూ, గంతగనం సప్పట్లు కొట్టిండ్రు? నాకు సమజ్ కాలే గని, నేను గూడ కొట్టిన."

నరేందర్ కప్పు కింద పెట్టిండు. సిగ్గుతోని తల లేవలే. "కాకా, చిన్న సాయన్న పేరు నువ్వు దాయలే. నా ప్రోగ్రాం తీసేసింది... కాదు, నేనే తీసేసిన. ఏడాదిసంది తెలిసి గూడ చెప్పలే."

ఆత్మారాం ఫ్లాస్కు మూత బిగించిండు. మళ్ల ఇప్పిండు. మళ్ల బిగించిండు.

"మా ఇంటామె రోజు దీపం పెట్టి నీ పేరు తీసి మొక్కుతది, నరేందరూ" అన్నడు. సారు అనలే. "నేను మొకం చెల్లక రెంజల్‌ల బస్సు దిగక ఏడాదాయె. ఈడ ఇంగ్లీషుల చెప్పినవ్, సప్పట్లు కొట్టిండ్రు. ఆడ ఇద్దరు సాయన్నలను ఎదురుబొదురు కూసోబెట్టి తెలుగుల చెప్పు. బండి తియ్యి."

స్టేజీ మీద నుంచి శాలువా కప్పుతం రమ్మని పిలుస్తున్నరు. నరేందర్ అటు పోలే. బయటికొచ్చి బండి తీసిండు. ఆత్మారాం ఎనుక కూసున్నడు. ఎప్పుడు బండెక్కినా నరేందర్ భుజం పట్టుకునేటోడు, ఆ పొద్దు ఎనుక ఉన్న ఇనుప కడ్డీ పట్టుకున్నడు.