నాలెపో రేపటి జాడ

పాలు పితికాక సిలాంటోయ్ రోజూ ముళ్లకంచె దాటి బడిదారి దాకా వెళ్లి దుమ్ములోకి చూస్తుంది, నాలెపో అడుగులు పడ్డాయా అని.

నాలెపో ఆడసింహం. మిగతా సింహాలు నడిచాక జాడ పడుతుంది. దీనికి జాడ ముందు, నడక మర్నాడు. అది పుట్టినప్పటి నుంచీ అంతే. జాడ కనబడితే, సింహాలకు కావలి కాసే మెపుకోరి దారికి అడ్డంగా ముళ్లకొమ్మ వేస్తాడు. మర్నాడు ఏ వేళ వస్తుందో జాడ చెప్పదు గనక ఆ రోజంతా అటు ఆవులు పోవు, పిల్లలు పోరు. కాపు కాసి బల్లెం వేయడం తేలికే. వేయబోమని అన్ని ఇళ్లవాళ్లూ మాట ఇచ్చుకున్నారు. మెపుకోరి ఒకప్పుడు సింహాన్ని పొడిచి పేరు తెచ్చుకున్నవాడే. ఇప్పుడు వాటికి తనే పేర్లు పెడుతున్నాడు. ఆ పేర్లు రాయడానికి బడిలో చిన్నపిల్లల బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దాడు. దిద్దించింది సిలాంటోయ్ కూతురు రెసియాటో.

ఆ ఉదయం జాడ పడింది.

"రేపేనా?" అంది సిలాంటోయ్. "రేపు రెసియాటో పరీక్ష."

"సింహానికి పరీక్షలు తెలుస్తాయా అక్కా." మెపుకోరి కొమ్మ ఈడ్చుకొస్తున్నాడు.

"వాగు చుట్టూ తిరిగి పోతే?"

"పరీక్ష అయిపోయాక చేరుతుంది."

ఇంట్లో తేనె నింపిన సొరబుర్ర ఉంది. రెసియాటోని అడుగుతూ ఒక పశువుల ఆసామి పంపింది. మూత తీస్తే పెళ్లికి ఒప్పుకున్నట్టే. "పిల్ల పరీక్ష గట్టెక్కి పైబడికి వెళ్తే తేనె తిరిగిచ్చేస్తా, లేకపోతే మూత తీస్తా" అన్నాడు సిలాంటోయ్ భర్త కసైనే. మాట తప్పే మనిషి కాడు. ఆమె భయమూ అదే.

"సింహం కూడా నా పక్షమే" అని నవ్వాడు కసైనే, జాడ సంగతి విని.

"నవ్వకు. ఆ పళ్లు చూస్తే అదీ పారిపోతుంది."

రెసియాటో మెల్లగా అడిగింది. "అమ్మా, రేపు నేను వెళ్తానా?"

"పెన్సిలు చెక్కుకో."

సిలాంటోయ్‌కి కాలు నిలవలేదు. పేడతో గోడ అలికింది. అలికిన గోడే మళ్లీ అలికింది. చివరికి ఒక రెమ్మ విరుచుకుని దారికి వెళ్లింది. ఊడ్చేస్తే? జాడ లేనిది నాలెపో రేపు ఎటు నడుస్తుంది? ఎవరూ ఊడ్చి చూడలేదు. వంగింది. పెద్ద అడుగుల పక్కన కోడిగుడ్డంత అడుగులు. రెండు కూనలవి.

"ఆ రెమ్మ దేనికక్కా?" వెనక మెపుకోరి.

ఆమె రెమ్మ పారేసింది. ఇంటికి పోబుద్ధి కాక జాడ వెంట బడివైపు నడిచింది. చెదపుట్ట దగ్గర ఆగింది. బడివైపు నుంచి వచ్చిన అడుగులు అక్కడ నిలిచాయి. కూర్చున్న గుర్తు. తోక అటూ ఇటూ కొట్టిన గీతలు. ఆపైన జాడ దారి వదిలి గట్టు దిగిపోయింది.

"ఇక్కడ ఎందుకు ఆగుతుంది తమ్ముడూ?"

"రేపు ఎదురుగా ఏదో ఉంటుంది." మెపుకోరి అటు చూశాడు. "చెట్టు లేదు, రాయి లేదు. ఏముంటుందో మరి."

సిలాంటోయ్‌కి తెలిసింది.

తెల్లారేసరికి ఎర్ర దుప్పటి కప్పుకుని ఆ ఖాళీ నేల మీద నిలబడింది. దూరంగా వెనక మెపుకోరి, రెసియాటో. ఎండ వచ్చింది. కిలిమంజారో మంచు మెరిసింది. నాలెపో రాలేదు. బడిగంట మోగే వేళవుతోంది.

అప్పుడు వచ్చింది, తన అడుగుల్లోనే అడుగులు వేస్తూ. కూర్చుంది. గీతల మీదే తోక కొట్టింది. కూనలు దాని పొట్ట కిందికి దూరాయి. సిలాంటోయ్ కదల్లేదు. కదలడం చేతకాలేదు.

"పోవే" అంది. "నాకూ ఉంది ఒకతి."

నాలెపో లేచి గట్టు దిగింది.

"నడు" అంది సిలాంటోయ్, వెనక్కి తిరగకుండా. కూతురు ఆమెను రాసుకుంటూ పరిగెత్తింది.

ఫలితం తెలిసిన రోజు కసైనే మూత తీయని బుర్ర భుజానికెత్తుకుని, తనే వెళ్లి ఇచ్చివచ్చాడు.

సిలాంటోయ్ ఇప్పటికీ పాలు పితికాక దుమ్ములోకి చూస్తుంది. ఒక ఉదయం నాలెపో జాడ లేదు. ఇంటి గుమ్మం నుంచి, పైబడికి పోయే తారురోడ్డు వైపు బూట్ల గుర్తులున్నాయి, రెసియాటో పాదమంతవి. పిల్లకి బూట్లు ఇంకా కొననే లేదు.

ఆమె వంగి, రోడ్డు దాకా చూసుకుంటూ వెళ్లింది. ఎక్కడా ఆగిన గుర్తు లేదు.