బయటికి వెళ్ళే వంతు

పిట్టలకు లెక్కలు రావు. గడియారాలు బాగుచేసే ఆయన పెళ్ళయిన కొత్తలో భార్యకు నేర్పిన మొదటి పాఠం ఇదే. సముద్రం ఒడ్డున వాళ్ళు ఏటా వారం రోజులు అద్దెకు దిగే ఇంటికి కూతవేటు దూరంలో బురద మేట ఉంది. దాని అంచున, పిట్టలను చూసేవాళ్ళ కోసం కట్టిన చిన్న చెక్క గది. ముందు వైపు కళ్ళ ఎత్తున ఒక సందు, వెనక తలుపు, తలుపు నుంచి ఇంటిదాకా చెక్కల బాట. మనిషి లోపలికి వెళ్ళడం చూస్తే పిట్టలు లేచిపోతాయి, గంట గడిచినా దిగవు. అదే ఇద్దరు వెళ్ళి ఒకరు బయటికి వచ్చేస్తే, గది ఖాళీ అయిందనుకుని నిశ్చింతగా వాలతాయి.

ఆ బయటికి వచ్చే ఒకరు ఎప్పుడూ ఆవిడే. ఇంటికి వచ్చి టీ పెట్టేది. ఆయన తీరిగ్గా తెడ్డుమూతి కొంగను చూసి, పొంగిపోతూ వచ్చి వర్ణించేవాడు. "వచ్చే ఏడు నువ్వు కూర్చో, నేను బయటికి వెళ్తాను" అని ఏటా అనేవాడు. ఏటా ఆవిడే వచ్చేసేది. మొగుళ్ళ మాటలు ఎన్ని నిలబడ్డాయి గనక. కిందటి చలికాలం గుండె ఆగి ఆయన పోయాడు. ఆ మాట అలాగే ఉండిపోయింది.

ఈ ఏడు ఆవిడ చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్కసారి ఆ గదిలో, సందు ముందున్న బల్ల మీద కూర్చుని, ఆయన చూసింది తనూ చూడాలి. అది తీరకపోతే ఆయన మీద కోపం చచ్చేదాకా పోదని ఆవిడకు తెలుసు. పోయినవాడి మీద కోపం మోయడమంటే మాటలు కాదు.

బయటికి వెళ్ళే వంతు చెల్లెలిది. కానీ ఆ మహాతల్లి వచ్చిన రోజే మెట్టు చూసుకోక కాలు మడతపడి, ముందుగదిలో మంచానికి అతుక్కుపోయింది.

"ఒక్కదానివే వెళ్ళడం ఎందుకక్కా? ఎలాగూ అవి దిగవు. కొంగ బావే లేడు, ఇంకా కొంగలెందుకు?" అంది చెల్లెలు. బావ బతికుండగా ఆయన ఎదురుగా కూడా అలాగే ఏడిపించేది.

"దిగకపోతే సముద్రం చూసి వస్తా. నువ్వు మాత్రం మంచం దిగకు. వంటింటి వైపు వెళ్ళావంటే రెండో కాలు నేను విరగ్గొడతా."

ఆవిడ గదిలో అడుగుపెట్టగానే, అనుకున్నట్టే మేట మీది పిట్టలన్నీ లేచిపోయాయి. సందులోంచి చూస్తే నీళ్ళ మీద గుండ్రంగా తిరుగుతున్నాయి గానీ ఒక్కటీ వాలడం లేదు. బల్ల చెమ్మగా ఉంది. కూర్చుని కూర్చుని ఆవిడకు నడుము పట్టేసింది. చివరికి ఒళ్ళు మండి, పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు తిరిగింది.

"ఇద్దరం ఇలా ఇక్కడే కూర్చుంటే అవెందుకు దిగుతాయి? ఈసారి మీ వంతు. లేవండి."

అని, తన మాటకు తనే నవ్వుకోబోయింది. అంతలో, అటు పక్క నుంచి ఎవరో లేచినట్టు బల్ల అవతలి కొస పైకి తేలింది.

వెనక తలుపు కిర్రుమని తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. గాలి లేదు. చెక్కల బాట మీద అడుగులు మొదలయ్యాయి, ఒకటి గట్టిగా, ఒకటి ఈడ్చినట్టుగా. ఎడమ చెప్పు ఈడ్చి నడవద్దని ఆ మనిషికి ఆవిడ కాపురమంతా చెప్పింది.

ఆవిడ లేచి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. తీస్తే కనీసం వీపైనా కనిపిస్తుంది. కానీ తీస్తే పిట్టలు బెదిరిపోతాయి, ఆయన వెళ్ళింది దండగవుతుంది. చూడాలనీ ఉంది, భయంగానూ ఉంది.

మేట వైపు రెక్కల చప్పుడు వినిపించింది. ఆవిడ గడియ వదిలేసి సందు దగ్గరికి వచ్చింది. పిట్టలన్నీ దిగుతున్నాయి. ఒక్కటీ గది వైపు చూడటం లేదు. అన్నీ ఒకే వైపు మెడలు తిప్పి, చెక్కల బాట మీద ఇంటి వైపు వెళ్తున్న దేన్నో చూస్తున్నాయి. కాసేపటికి ఆ మెడలన్నీ ఒకేసారి కిందికి వంగాయి, మేత మొదలైంది. వాటి మధ్య తెడ్డుమూతి కొంగ, ముక్కుతో నీళ్ళను అటూ ఇటూ కలియబెడుతూ నడిచింది. ఎంత బాగుందో. ఆయన ఇన్నేళ్ళూ చెప్పింది అందులో సగం కూడా కాదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ చూసింది, చూస్తూ మళ్ళీ తుడుచుకుంది.

సముద్రానికి పోటు వచ్చి పిట్టలు వాటంతట అవే వెళ్ళిపోయాక ఇంటికి వచ్చింది. చెల్లెలు దుప్పటి మెడదాకా లాక్కుని గోడకు ఆనుకుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు ఇప్పుడొస్తున్నావా అక్కా?"

"ఇప్పుడే. ఏమైంది?"

"మరి ఇందాక పెరటి తలుపు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిందెవరు? నువ్వే అనుకుని పిలిచా, పలకలేదు. స్టవ్ వెలిగించిన చప్పుడైంది. తర్వాత డబ్బాల మూతలు. తీసి మళ్ళీ మూయడం కాదు, తీయడమే. ఒకదాని తర్వాత ఒకటి, ఇంతసేపూ. నువ్వు గేటు తీశాకే ఆగింది."

వెళ్ళొద్దని చెల్లెలు కొంగు పట్టుకుంది. ఆవిడ విడిపించుకుని వెళ్ళింది.

వంటింట్లో ఎవరూ లేరు. స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు మరిగి మరిగి అడుగుకు వచ్చేశాయి. పక్కన రెండు కప్పులు. గట్టు మీద, అరల్లో, ఉన్న డబ్బాలన్నిటికీ మూతలు తీసి ఉన్నాయి. ఉప్పు, పంచదార, బియ్యం, ఆఖరికి సబ్బు పొడి కూడా. టీ పొడి డబ్బా ఒక్కదానికే మూత ఉంది. ఏ ఇంట్లోనూ, ఏనాడూ, అది ఎక్కడుంటుందో ఆ మనిషికి తెలిసింది లేదు.

ఆవిడ మంట తగ్గించి, గిన్నెలో మళ్ళీ నీళ్ళు పోసింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"టీ పొడి పై అరలో, నూనె సీసా వెనకాల ఉందండీ," అంది. "మీరు కూర్చోండి. నేను పెడతాను."

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.