నీళ్ల కింది నంబరు

నక్షాల చుట్టలు దులిపి, నంబర్ల వారీగా బీరువాలో నిలబెట్టేసరికే కురుమయ్యకు పది దాటింది. వనపర్తి సర్వే ఆఫీసులో చైన్‌మన్. ముప్పై ఆరేళ్లు కొలత గొలుసు మోసి కుడిభుజం కిందికి వాలింది, అరికాళ్లు కాయలు కాశాయి. ఇవాళ్టితో కొలువు ఆఖరు. ఇంటికి పోయి ఆ మాట చెప్పుకుందామంటే మనిషి లేదు.

ఉన్న ఒక్క మనిషీ, భార్య ఎస్తేరు, పుట్టింట్లో తొలికాన్పులోనే బిడ్డతో సహా పోయింది. దూరదేశం మట్టిపనికి పోయిన కురుమయ్య కబురంది వచ్చేసరికి ఆ ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగింది. అత్తమామలు ఎటు వలసపోయారో తెలియదు. మారుమనువుకు ఎంతమంది పోరినా వినలేదు, మొండిఘటం! కొలువులో చేరాక ఆ ఊరి నక్షా వెతికి, ఆమెను పూడ్చిన బొందలగడ్డ జాడ లెక్కగట్టాడు. ఏటా ఎండాకాలం నీళ్లు తగ్గి దిబ్బ తేలగానే, అదే ఆమె చోటని పోయి పొద్దంతా కూర్చుంటాడు.

మునిగిన ఊళ్ల నక్షాలు కంప్యూటర్‌కు ఎక్కించే పని ఈ నెలే ఆఫీసుకు వచ్చింది. ఆపరేటర్ యమున తెర మీద ఎడమపక్కన పాత నక్షా, కుడిపక్కన ఎత్తుపల్లాలతో లేచి నిలబడ్డ నేల, దాని మీద నీలంగా ప్రాజెక్టు నీళ్లు. ఇటు నంబరు నొక్కితే అటు అదే నేలచెక్క ఎర్రగా వెలుగుతుంది.

"బిడ్డా, జర మా ఎస్తేరు ఊరు తియ్యి. బొందలగడ్డ సూపియ్యి."

యమున నొక్కింది. నేలను అటూ ఇటూ తిప్పింది. నీళ్ల అడుగున ఎరుపు మసగ్గా కనబడింది.

"గది కాదు బిడ్డా. దిబ్బ మీదుంటది."

"దిబ్బ కళ్లం పెద్దనాయినా. నక్షాల రెండూ పక్కపక్కనే ఉన్నయి గని, బొందలగడ్డ శానా పల్లంల ఉంది."

"ఎండకాలంల తేలదా?"

"ఎంత ఎండినా దాని మీద ఇరవై అడుగుల నీళ్లుంటయి."

చదును కాగితానికి లోతేం తెలుసు! ఇన్నేళ్లూ ఎవరిదో కళ్లంలో కూర్చుని ఏడ్చాడన్నమాట. కురుమయ్య కుర్చీ తెర దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"నీళ్లు దించు బిడ్డా. మొత్తం దించు."

యమున దించింది. నీలం ఇంకిపోయి ఎర్రచెక్క బయటపడింది, ఊరి చివర, వాగు పక్కన. కురుమయ్య అన్నానికి కూడా లేవలేదు.

సాయంత్రం శాలువా కప్పి, బంతిపూల దండ వేసి, తలా రెండు మంచి మాటలు చెప్పారు. అతను బీరువా తాళాలు అప్పగించి, "పోయొస్త" అన్నాడు. బస్టాండు దాకా వస్తామంటే వద్దన్నాడు.

మర్నాడు పొద్దున యమున వచ్చి గది తలుపు తీసింది. ఆర్పేసిన తెర ముందు, కుడిపక్కకు జరిపి, బంతిపూల దండ పెట్టి ఉంది.