జోలీన్ గొంతు

ఆదివారం భోజనాలయ్యాక, క్యాసరోల్ గిన్నె అడుగున మాడి అంటుకున్న బంగాళాదుంప పొరని జోలీన్ గోకుతోంది. సాయానికి లేచినవాళ్ళు లేరు గానీ సలహాలకి మాత్రం కొదవ లేదు.

"పెన్షనొచ్చే కుర్చీ వదిలేసి ఊళ్ళోవాళ్ళ పిల్లల ముక్కులు తుడుస్తుందట. ఎక్కడైనా విన్నామా?" అంది అత్తగారు అర్డిస్, కాఫీలో కుకీ ముంచుకుంటూ.

"నలభై నాలుగేళ్ళకి మా ఆవిణ్ణి మళ్ళీ బళ్ళో వేశాం," అని తన మాటకి తనే పగలబడి నవ్వాడు కర్ట్.

జోలీన్ గిన్నె గోకుతూనే ఉంది. గొంతు పెంచకపోవడమే ఆమె ఉద్యోగం మరి. మైనాట్ ఊరి చుట్టుపక్కల ఏ ఇల్లు అంటుకున్నా, మంచులో ఏ కారు బోల్తాపడినా, సాయం కోసం 911కి ఫోన్ చేసినవాళ్ళకి మొదట వినబడేది ఆమె గొంతే. అవతలివాళ్ళు ఎంత ఏడ్చినా ఈ గొంతు వణకకూడదు, పెరగకూడదు. పెళ్ళైన కొత్తలో చేరి ఆ విద్య ఎంత బాగా నేర్చుకుందంటే, ఇంట్లో కూడా ఇంకో గొంతు మిగల్లేదు. కర్ట్ చొక్కా కనబడక కేకలేసినా, అర్డిస్ మాత్ర వేసుకున్నానో లేదో నువ్వే చెప్పాలని దెప్పినా అదే చల్లటి గొంతుతో జవాబు. "నీతో పోట్లాడటం గోడతో పోట్లాడటమేనే," అని కర్ట్ ఎప్పుడూ అంటూనే ఉంటాడు. ఈమధ్య ఇంకోటి చేర్చాడు. "పిల్లలకి హుషారు కావాలి జోలీన్. నీ గొంతు వింటే నిద్రపోతారు."

ఆ మాట మాత్రం ముల్లులా దిగింది. ఎందుకంటే ఆ భయం ఆమెకూ ఉంది. పొద్దున్న బళ్ళో నాలుగో తరగతి పిల్లల దగ్గర టీచరు శిక్షణ, మధ్యాహ్నం నుంచి ఫోన్ల దగ్గర డ్యూటీ, మధ్యలో కారులోనే శాండ్‌విచ్. ఒళ్ళు హూనమవుతున్నా బడి మెట్లెక్కుతుంటే ప్రాణం లేచొచ్చేది. కానీ శుక్రవారం కాలేజీ నుంచి పర్యవేక్షకురాలు వచ్చి వెనక కూర్చుంటుంది. ఆవిడ సరేనంటేనే సర్టిఫికెట్, హెడ్మిస్ట్రెస్ మాటిచ్చిన తరగతి. కాదంటే కర్ట్ నవ్వు జీవితాంతం వినాలి.

శుక్రవారం పాఠం భిన్నాలు. ముప్పావుని ఎనిమిదో వంతుల్లో చెప్పాలి. జోలీన్ పొందిగ్గా చెప్పింది, తప్పు లేకుండా చెప్పింది. పిల్లలు మర్యాదగా ఆవలించారు. వెనక పర్యవేక్షకురాలి కలం ఆగి చాలాసేపైంది. కర్ట్ గెలిచాడనుకుంది జోలీన్.

అంతలో ట్రూడీ అనే పిల్ల పెన్సిల్ విసిరికొట్టింది. మొహం ఎర్రబడింది, ఊపిరి ఎగపోస్తోంది. "నాకు రాదు! నాకు అస్సలు రాదు!"

ఆ ఊపిరి చప్పుడు జోలీన్‌కి బాగా ఎరిక. ఆలోచించేలోపే నోరు దాని పని అది చేసేసింది.

"911. మీ ఎమర్జెన్సీ ఎక్కడ?"

తరగతి బిగుసుకుపోయింది. అయిపోయింది, కొంప మునిగింది అనుకుంది జోలీన్. ట్రూడీ కళ్ళు తుడుచుకుని, కాస్త ఆలోచించి, బుద్ధిగా జవాబు చెప్పింది.

"మూడో వరుస. కిటికీ పక్కన."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక వెనక్కి పోయే దారి లేదు.

"దెబ్బ ఎవరికి తగిలింది?"

"ముప్పావుకి."

"ఇప్పుడెలా ఉంది?"

"కింద ఎనిమిది వేశాను మేడమ్. పైన ఏమీ లేదు!"

"కంగారు పడకు. లైన్లోనే ఉండు. నాలుగు ఎనిమిది అవ్వాలంటే ఏం చేశావు?"

"రెండుతో హెచ్చవేశా... అయితే పైన కూడానా? ఆరు! మేడమ్, ఆరు! బతికింది!"

గది దద్దరిల్లిపోయింది. అందరి చేతులూ లేచాయి. "నాకూ ఎమర్జెన్సీ!" "ముందు నాది, నాది చచ్చిపోతోంది!" జోలీన్ వరసల మధ్య పరుగులు పెట్టింది, చప్పట్లు కొట్టింది, అరిచింది. మధ్యలో ఎవరో గట్టిగా నవ్వుతున్నారు, ఎవరా అని చూస్తే తనే. వెనక పర్యవేక్షకురాలు నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకుంటోంది. గంట కొట్టగానే కాగితం మీద సరేనని సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నమే జోలీన్ డ్యూటీకి ముందు పై అధికారి గదిలోకి వెళ్ళి, వేసవి చివరికి మానేస్తానని చెప్పేసింది. మర్నాడు పొద్దున్న వంటింట్లో ఆ సంగతంతా ఏకరువు పెడుతూ మళ్ళీ నవ్వింది. అర్డిస్ కుకీ పక్కన పెట్టేసి, "ఆ పిల్ల 'బతికింది' అందా? నిజంగానే?" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

కర్ట్ ఒక్కడే లెక్కల్లో పడ్డాడు. "సరే, బడి చూసుకో. శని ఆదివారాలు ఫోన్ల పని ఉంచుకుంటే రెండు జీతాలు."

"మానేస్తానని చెప్పేశాను."

"నన్నడక్కుండానా?"

"పికప్ ట్రక్ కొన్నప్పుడు నన్నడిగావా?" అంది జోలీన్. నవ్వుతూనే అంది గానీ, ఆ గొంతు గోడలకి తగిలి తిరిగొచ్చింది.

కర్ట్ కిటికీ వైపు చూశాడు. "మెల్లిగా! పక్కింటివాళ్ళకి వినబడుతుంది."

జోలీన్ వెళ్ళి కిటికీ తలుపు బార్లా తెరిచింది.

"వినబడనీ."