కడిగి వాడుకునే ఫిల్టర్

దర్జీ ఆ మోటార్‌సైకిల్‌ను ఈసారి కూడా తోసుకుంటూనే నా షెడ్డుకు తెచ్చాడు. నడపడం ఆయనకు రాదు. బండి ఆయన తమ్ముడిది. తమ్ముడు జ్వరంతో పోయి అయిదు నెలలైంది.

"ఆయిల్ మార్చాలి," అన్నాడు.

మీటరు చూశాను. మూడు నెలల కిందట నేను ట్యాంకు మీద రాసి అంటించిన అంకె దగ్గరే ఉంది. నాకు ఒళ్లు మండింది.

"బండి కదల్లేదు, ఆయిల్ తేనెలా ఉంది. ఎందుకన్నా ఊరికే మార్పించడం?"

"మూడు నెలలకోసారి వాడు మార్చుకునేవాడు కదా."

ఇక వాదించలేక, ఆయిల్‌తో పాటు మార్చే కాగితం ఫిల్టర్ కొత్తది అందుకున్నాను. ఆయన వద్దన్నాడు.

"కడిగి మళ్లీ వాడుకునేది ఉంటుందట. అదివ్వు."

"స్టీలు జాలీది. కిరోసిన్‌లో కడిగి, ఎక్కడైనా చిరిగిందేమో వెలుగులో చూసుకోవాలి. ఏళ్ల తరబడి వస్తుంది. నిలబెట్టిన బండికి అదెందుకు చెప్పు?"

అయినా ఒకటి తీసిచ్చాను. ఆయన జాలీని వెలుగుకెత్తి, గుడ్డ నేత చూసినట్టు చూశాడు.

"పోయినసారి తీసిన ఫిల్టర్ ఏం చేశావు?"

"చెత్తలో పడేశాను. ఏం?"

"అది మావాడు తన చేత్తో బిగించుకున్నది. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది."

జాలీ ఇమ్మని చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు.

"ఎలా బిగించాలో చెప్పు, చాలు," అన్నాడు మెల్లగా. "నువ్వు ముట్టుకోకు."