కుండల గది

ఆంజినమ్మ కుండలు కడిగి, ఒక్కొక్కదాన్నే తడి ఇసుక మీద కూర్చోబెడుతోంది. గుత్తి కోట కింద ఎవరో తెల్లదొర కట్టుకున్న బంగళా అది. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం బడి. దొర గుర్రాలు కట్టేసిన కొట్టమే ఆమె మంచినీళ్ల గది. ఎండిన జొన్నదంటులా ఉంటుంది మనిషి. చేతులకు మాత్రం ఎప్పుడూ తడి ఆరదు.

బడిలో తెలుగు మాట్లాడితే మెడలో అట్టముక్క వేలాడదీస్తారు. ఇంగ్లీషు రాని ఆంజినమ్మకు ఆ నియమం అంటలేదు. అందుకే పిల్లలు దాహం వంకతో వచ్చేవారు. కడుపునొప్పి, నాయన కొట్టిన దెబ్బ, రాత్రి వచ్చిన పీడకల, ఇంగ్లీషులో పట్టనివన్నీ అక్కడ చెప్పుకుని, మూతి తుడుచుకుని వెళ్లేవారు. ముప్పై ఏళ్లుగా వింటోంది. విన్నది ఎవరికీ చెప్పదు.

ఆ ఉదయం టీచరు త్రివేణిని తెచ్చి వదిలింది. గుమ్మఘట్ట నుంచి వచ్చి పిన్నమ్మ ఇంట్లో ఉంటున్న ఐదేళ్ల పిల్ల. బడిలో చేరి వారమైనా నోరు విప్పలేదు. బయటికి పోవాలని ఇంగ్లీషులో అడగడం రాక, బెంచీ మీదే బట్టలు తడుపుకుంది.

ఆంజినమ్మ కాళ్లు కడిగి కొంగుతో తుడిచింది. "పొద్దున ఏమన్నా తింటివా పాపా?"

పిల్ల ఆ కొంగు పట్టుకుంది. "అవ్వా, మా మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నల్లది." ఇక మాటలు ఆగలేదు.

కిటికీలోంచి విన్న టీచరు ప్రిన్సిపాల్ జోయల్‌కు చెప్పింది. ఈ కుండల నీళ్లు తాగి పెద్దయినవాడే ఆయన. వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆంజినమ్మా, పిల్లలతో ఇక తెలుగు వద్దు. తల్లిదండ్రులు ఒప్పుకోరు."

"నాకు అదొకటే వస్తాది గదా సార్. మరి ఏం మాట్లాడల్ల?"

"ఏమీ మాట్లాడొద్దు."

"సరే సార్."

ఆ తర్వాత వచ్చినవాళ్లకు గ్లాసులు మౌనంగా అందించింది. పిల్లలు ఆమె ముఖం చూస్తూ కాసేపు నిలబడి, సగం నీళ్లు వదిలేసి వెళ్లారు.

మధ్యాహ్నం చిన్నతరగతిని ఆ కొట్టంలోనే చాపల మీద పడుకోబెడతారు, చల్లగా ఉంటుందని. బయట వేడిగాలి ఎర్రమట్టిని లేపి బంగళాను, కోటను, కొండను ఒకే రంగులో కలిపేసింది. గోడకు ఆనుకున్న ఆంజినమ్మనే చూస్తోంది త్రివేణి. నిద్ర పట్టలేదు. ఆంజినమ్మ గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. పిల్ల తలను ఒళ్లోకి లాక్కుంది.

"నల్లదానికి ఏం పేరు పెడదామే?" అంది, వినీ వినబడకుండా.

"నువ్వే చెప్పవ్వా."

ఆలోచిస్తూ ఆంజినమ్మ కళ్లు మూసుకుంది. ఎక్కడినుంచో వాన వాసన. తల్లి తనను పేరుపెట్టి పిలుస్తోంది. మేకల గంటలు దగ్గరికి, ఇంకా దగ్గరికి.

బడిగంట మోగినా ఆమె లేవలేదు.

"అవ్వ మేకపిల్లకు పేరు చెప్పకుండానే నిద్రపోయింది" అంది త్రివేణి, లోపలికొచ్చిన టీచరుతో. టీచరు ఒక్కడుగు వేసి ఆగిపోయింది. ఏ భాషలో చెప్పావని అడగలేదు.

జోయల్ పరుగున వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చల్లబడిన ఆ చేతిని పట్టుకుని, "లెయ్ అవ్వా" అన్నాడు. "ఏదన్నా ఒక మాట మాట్లాడు." పిల్లలంతా వింటున్నారని ఆయనకు గుర్తులేదు.

వేసవి సెలవుల్లో బంగళాకంతా సున్నం వేశారు. కొట్టం గోడ మీద, రోజూ ఆమె తల ఆనిన చోట, జుట్టు ఆముదం మరక మాత్రం రెండు పూతల్లోంచీ పైకి వచ్చింది, అరచేతంత, గుండ్రంగా.