కారుకు నడుంపట్టీ

మా నాన్న కారు మా ఇంటికి వచ్చినప్పుడు దానికి కప్పు లేదు, నాకు తెలివి లేదు. కప్పు అది తయారైనప్పుడే లేదట. నా సంగతీ అంతే.

“ఆ డొక్కు నాకొద్దు” అని అన్నయ్య అనడమే ఆలస్యం, ఎగిరి గంతేసి తెచ్చుకున్నాను. దానికి తెరుచుకునే తలుపు ఒక్కటే, నడిపేవాళ్ళ వైపుది. రెండోదాన్ని నాన్నే ఎప్పుడో విసుగొచ్చి వెల్డింగ్ చేయించేశాడు. కప్పు లేని పాత బండికి నడుం వదులు. మలుపు తిరిగితే ఒళ్ళంతా మెలిక పడుతుంది, ఆ మెలికకు తలుపు తెరుచుకుంటుంది. పోయిన వారం తలుపు అలా తెరుచుకుని, మా ఆయన ఆఫీసు బ్యాగు నడిరోడ్డు మీద దిగిపోయింది.

“ఇక చాలు. ఆదివారం ఒకాయన చూడ్డానికొస్తున్నాడు, ఇచ్చేద్దాం” అన్నాడు మా ఆయన.

“ఇవ్వనండి. నాన్న నాకు డ్రైవింగ్ నేర్పింది అందులోనే.”

“అది నువ్వు నడుపుతుంటే తెలుస్తూనే ఉంటుంది. సరే, ఆయన వచ్చేలోగా ఆ తలుపు దానంతటది తెరుచుకోకుండా చేయించు, ఉంచుకో.”

చేయించు అన్నాడు. నేనే చేస్తానన్నాను. కాలేజీలో ఫిజిక్స్ చదివినదాన్ని, ఆ చదువు ఇన్నాళ్ళకు ఒక కారును పాడుచేయడానికి పనికొచ్చింది.

ఇలాంటి బండ్ల కోసం విడిగా అమ్మే ఉక్కు పట్టీలు తెప్పించాను. కారు కింద ఛాసిస్ చట్రానికి ఈ కొస నుంచి ఆ కొసకు బోల్టులతో బిగించాలి. మనిషికి నడుంపట్టీ ఎలాగో దానికి ఇవి అలాగ. బండిని జాకీతో లేపి, ముందు కొస కింద రెండు స్టాండ్లు, వెనక కొస కింద రెండు పెట్టాను. మధ్యలో అది తడిబట్టలు ఆరేసిన దండెంలా కాస్త కుంగి కనిపించింది. వయసైపోయిందిలే అనుకున్నాను. ఒక్కో బోల్టుకూ మా ఆయన మాట ఒక్కోటి గుర్తు చేసుకుంటూ బిగించాను. చాలా గట్టిగా పడ్డాయి.

ఆదివారం పొద్దున బండిని దించగానే మా అత్తగారు వచ్చింది. “ఏదీ, కూర్చుని చూస్తానుండు.”

తలుపు లాగితే మొండికేసి వచ్చింది. ఆవిడ ఎక్కి పక్క సీట్లోకి జరిగింది. మూయబోతే పడలేదు. తుంటితో ఒక్క తోపు తోశాను, పడింది. అంతే, మళ్ళీ రాలేదు.

“అమ్మాయ్, ఇక దిగుతాను.”

“కాసేపు కూర్చోండత్తయ్యా, గాలి బాగా వస్తుంది కదా.”

“పైన కప్పు లేకపోతే రాదూ!”

ఇంతలో కొనడానికొచ్చినాయన రానే వచ్చాడు. మా ఆయన తలుపు లాగాడు. వచ్చినాయన లాగాడు. ఇద్దరూ కలిసి లాగారు. తర్వాత ఆ వచ్చినాయన వంగి కిందికి చూసి మెరిసిపోయాడు. “అరె, పట్టీలు కూడా వేయించేశారే! నేనెలాగూ వేయించాలనుకున్నాను. నాకు నచ్చిందండీ.”

కారును కాపాడుకుందామని చేతులు కొట్టుకుపోయేలా కష్టపడి, పెళ్ళిచూపులకు ముస్తాబు చేసింది నేనేనన్నమాట!

“నచ్చితే మంచిదే నాయనా, నన్ను కూడా పట్టుకుపోతావా?” అంది మా అత్తగారు సీట్లోంచి.

స్పానర్ పట్టుకుని కిందికి దూరాను. ఆ కాలపు కార్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ అక్కడే ఇరుక్కునేదాన్ని. వెల్లకిలా పడుకున్నాక తెలిసింది నేను చేసిన ఘనకార్యం. ఇంట్లో మంచం బిగించేటప్పుడు బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, కోళ్ళు నాలుగూ నేలకు ఆనాకే బిగిస్తాను. ఇది కారు కదా, దీని శాస్త్రం వేరే ఉంటుందనుకున్నాను. బండి గాల్లో కుంగి ఉండగానే బిగించేశాను. ఆ వంకర అలాగే ఉండిపోయి తలుపును నొక్కిపట్టింది. బోల్టులు వదులు చేస్తే చాలు, వచ్చేస్తుంది.

స్పానర్ బోల్టుకు తగిలించాను. తిప్పలేదు.

“ఏమైనా కనిపించిందా?” అన్నాడు మా ఆయన.

“చీకటిగా ఉందండి.”

“పట్టపగలు చీకటేంటి? టార్చి ఇవ్వనా?”

“వద్దులెండి, టార్చి వేస్తే తుప్పు కూడా కనిపిస్తుంది.” కాస్త గట్టిగానే అన్నాను.

“నేను దీన్లో ఇరుక్కోవడం మామూలేరా” అంది మా అత్తగారు. ఆవిడ ఆ కారెక్కడం అదే మొదటిసారి.

కొనడానికొచ్చినాయన చేతులు దులుపుకున్నాడు. “ఇంట్లో వాళ్ళతో మాట్లాడి చెప్తానండీ.”

గేటు చప్పుడు విన్నాక బోల్టులన్నీ వదులు చేశాను. బండి చిన్నగా మూలిగి సర్దుకుంది. చక్రాల మీద ఉండగానే, మా అత్తగారి బరువుతో సహా, మళ్ళీ బిగించాను. తలుపు ఒక్క వేలితో తెరుచుకుంది, ఒక్క వేలితో పడింది.

“దానంతటది తెరుచుకోకూడదన్నారు. తెరుచుకుందా?” అన్నాను బయటికొచ్చి.

“ఇద్దరం లాగినా తెరుచుకోలేదు కదే!”

“ఎక్కువే చేశానన్నమాట.”

“మలుపులో చూడాలి.”

“అయితే నువ్వూ ఎక్కరా. మలుపు చూడందే నేను దిగేది లేదు. పోనీవే అమ్మాయ్” అంది మా అత్తగారు.

మా ఆయన బ్యాగు తెచ్చుకుని మరీ వెనక సీట్లో కూర్చున్నాడు. వీధి చివర బండి తిప్పాను. మలుపు దాటాక కూడా ఆయన బ్యాగును గుండెకు హత్తుకునే ఉన్నాడు. తలుపు మాత్రం కదల్లేదు.